దసరా బంతిపూలు పారేయకండి

అందరికీ నమస్కారమండి. ముందు ఈ చున్నీ ఒకసారి చేతులు మార్చుకుంటూ చూడండి, పోయిన దసరాకి గుమ్మానికి కట్టిన బంతి దండలతో వేసిన రంగు ఇది, ఎన్నిసార్లు ఉతికానో లెక్కలేదు, పసుపు ఇంకా పసుపుగానే ఉంది.

మిద్దె తోట మొదలుపెట్టిన కొత్తల్లో నేను పసుపుకొమ్ములూ బీట్‌రూటూ పెంచి వాటితోనే బట్టలకి రంగు వేశా. పసుపు రంగు ఎంత ముద్దుగా వచ్చిందో, డాబా మీద నాలుగు రోజులు ఎండ తగిలేసరికి సగం పోయింది, బీట్‌రూట్‌దైతే మొదటి ఉతుక్కే నీళ్లలో కలిసిపోయింది, ఏడుపొచ్చేసింది నాకు. తర్వాత పెడన వెళ్లి కలంకారీ వాళ్ల దగ్గర కూర్చుంటే తెలిసింది, వాళ్లు రంగు జోలికి పోయేముందు బట్ట సంగతి చూస్తారు. గంజి మొత్తం పోయేదాకా ఉతికి, కరక్కాయ నీళ్లలో ముంచి ఎండబెట్టి, ఆ తర్వాతే పటిక. కరక్కాయ వగరు నూలుని పట్టుకుంటుంది, పటిక రంగుని పట్టుకుంటుంది. ఉన్ని, పట్టు ఐతే పటిక ఒక్కటే సరిపోద్ది, నూలుకే ఇంత పని.

లెక్క చెప్తా, రాసుకోండి. 100 గ్రాముల బట్టకి 15 గ్రాముల పటిక, 100 గ్రాముల ఎండు బంతి రెక్కలు. పూలు సన్నసెగ మీద గంటసేపు ఉంచి వడకట్టి, అందులో తడి బట్ట వేసి ఇంకో గంట, తెర్లనివ్వొద్దు, రంగు మట్టిగా ఐపోద్ది. ఆ గిన్నె మళ్లీ వంటకి మాత్రం వాడకండి. తుప్పు మేకులు బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఊరబెట్టిన నీళ్లు ఉంటే, రంగేసిన బట్టని అందులో ముంచి తీయండి, అదే పసుపు ముదురు ఆకుపచ్చలోకి తిరుగుతుంది.

ఇక నీలి, అంటే ఆకుల్లోంచి నీలం రంగు తీసే మొక్క. ఒకప్పుడు మన కడప నీలిమందు ఓడలెక్కి పోయేది, 1897లో జర్మనీలో బిఎఎస్ఎఫ్ అనే రసాయనాల కంపెనీ వాళ్లు ఫ్యాక్టరీ నీలి అమ్మడం మొదలుపెట్టాక ఆ సాగు పడిపోయింది. మొక్క మాత్రం చాలా మంచిది, చిక్కుడు జాతి కాబట్టి మట్టికి నత్రజని ఇస్తుంది, దీని రంగుకి పటిక కూడా అక్కర్లేదు. మొగ్గ వేసే టైంకి కొమ్మలు కోసి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున ఆకులు తీసేసి, సున్నం తేట కలిపి కర్రతో చిలుకుతుంటే నురగ నీలం అవుతుంది, అప్పుడు వదిలేస్తే అడుగున పేరుకునేదే నీలిమందు. దాన్ని మళ్లీ బెల్లం, సున్నంతో పులియబెట్టాలి, ఆ తొట్లో ముంచిన బట్ట బయటికి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ కళ్లముందే నీలంగా మారుతుంటే, నేను ఎన్నిసార్లు చూసినా పక్కన ఎవరన్నా ఉంటే చెయ్యిపట్టి లాగి చూపిస్తా. నాలుగు కుండీల నీలితో చీరకి సరిపోను రాదండి, ఒక చేతిరుమాలుకి వస్తే గొప్ప, అందుకే ఒకే కాలనీలో పదిళ్లవాళ్లు కలిసి పెంచుకోమంటున్నా.

నీలి గింజలు తెచ్చా, వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి, తొక్క గట్టిగా ఉంటుంది కాబట్టి రాత్రి గోరువెచ్చటి నీళ్లలో వేసి పొద్దున నాటండి.