ఈ20 పెట్రోలు కిలోమీటరుకు ఎంత పడుతోంది?

అందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి కావలి మీదుగా ఒంగోలు వెళ్లే జాతీయ రహదారిపై బండి ఆపి పెట్రోలు కొట్టించుకుంటే, ఇప్పుడు ట్యాంకులో పడేది నూటికి ఇరవై పాళ్ల వరకు ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. దీని ఖర్చు పాత పెట్రోలుతో పోలిస్తే ఎంతో ఈరోజు లెక్క వేసి చూద్దాం.

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే. నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా ప్రకారం, ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై ఈ10కు సర్దుబాటు చేసిన కార్లలో ఈ20 వాడితే మైలేజీ 6 నుంచి 7 శాతం, అలాంటి ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం తగ్గవచ్చు. ఈ20కు సర్దుబాటు చేసిన కార్లలో ఆ తగ్గుదల 1 నుంచి 2 శాతమే.

లీటరు 110 రూపాయలు అనుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పాత కారుకు కిలోమీటరు ఖర్చు 7 రూపాయల 33 పైసలు. మైలేజీ 6 శాతం తగ్గితే అది 7 రూపాయల 80 పైసలవుతుంది, అంటే వెయ్యి కిలోమీటర్లకు సుమారు 470 రూపాయలు అదనం. ఆ నష్టం పూడాలంటే లీటరు 103 రూపాయల 40 పైసలకు రావాలి.

అలా ఎందుకు రావడం లేదంటే, ఇథనాల్ చవక సరుకు కాదు. కేంద్ర పెట్రోలియం శాఖ లెక్క ప్రకారం 2025 జూలై చివరినాటికి దాని సగటు సేకరణ ధర లీటరుకు 71 రూపాయల 32 పైసలు. పన్నులు కలపక ముందు శుద్ధి చేసిన పెట్రోలుకు పడే ధర కన్నా అది ఎక్కువేనని ఆ శాఖే చెప్పింది. ఇథనాల్ తయారీకి వాడే చెరకు, మొక్కజొన్న పండించే రైతుల చేతికి నాలుగు డబ్బులు రావడం నాకూ సంతోషమే. అయితే ఈ20 ధర పెట్రోలు కన్నా తక్కువగా ఉండాలని నీతి ఆయోగ్ నివేదికే సూచించినప్పుడు, పన్ను తగ్గించైనా దాన్ని అమలు చేయకుండా భారమంతా పాత బండి నడిపేవారి మీద వదిలేయడం న్యాయం కాదన్నది నా గట్టి అభిప్రాయం.

మీ బండి లెక్క మీరే తేల్చుకోవచ్చు. నాజిల్ దానంతట అది ఆగేవరకు ట్యాంకు నింపించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, కావలి నుంచి ఒంగోలు వెళ్లి వచ్చి, అదే బంకులో అదే పంపు దగ్గర మళ్లీ నింపించండి. నాజిల్ ఆగాక చిల్లర సరిపెట్టడానికి ఇంకొంచెం కొట్టించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ కాస్త పెట్రోలుతోనే లెక్క తప్పుతుంది కాబట్టి ఆ రోజుకు మాత్రం వద్దనండి.