గడువున్న ఇల్లు: ఇంగ్లండు, వేల్స్‌లలో లీజ్‌హోల్డ్ కొనుగోలు, అమ్మకం, అద్దె

సభకు నమస్కారం.

ఇల్లు కొన్నామంటే నేలతో సహా మన పేర రాసుకోవడమే అన్న అలవాటుతో ఈ దేశానికి వచ్చి, ఫ్లాట్ బేరం కుదిరిన తరువాత సొలిసిటర్ (ఆస్తి పత్రాలు చూసే న్యాయవాది) పంపిన లీజు పత్రం తెరిచి చూసి బెంబేలెత్తినవారు ఈ సభలో కొందరైనా ఉంటారు. ఇంగ్లండు, వేల్స్‌లలోని ఫ్లాట్లలో అత్యధికం లీజ్‌హోల్డ్ పద్ధతిలోనే అమ్ముడవుతాయి. భవనమూ దాని కింది నేలా ఫ్రీహోల్డర్‌వి. కొన్నవారికి, అంటే లీజ్‌హోల్డర్‌కు, దక్కేది లీజులో రాసిన గడువు తీరేవరకు అక్కడ ఉండే హక్కు. స్కాట్లాండు చట్టం వేరు గనుక దాని జోలికి నేను పోవడం లేదు.

అన్నింటికన్నా ముందు చూడవలసింది మిగిలిన ఏళ్లు. ప్రకటనలో "99 ఏళ్ల లీజు" అని ఉంటుంది కానీ అది ఏనాడు మొదలైందో ఉండదు. 2006 జూన్ 24న మొదలైన 99 ఏళ్ల లీజును తీసుకోండి. 2025 జూన్ 24 దాటగానే అందులో 80 ఏళ్లకన్నా తక్కువే మిగులుతాయి. ఈ 80 అన్న అంకెకు చట్టంలో ఒక ప్రత్యేకత ఉంది. 1993 నాటి చట్టం ప్రకారం ఫ్లాటు లీజును మిగిలిన గడువుపై మరో 90 ఏళ్లు పొడిగించుకోవచ్చు, ఆపైన గ్రౌండ్ రెంట్, అంటే ఫ్రీహోల్డర్‌కు ఏటా కట్టే నేల అద్దె, ఉండదు. అయితే గడువు 80కి లోపు పడ్డాక, పొడిగింపు వల్ల పెరిగే విలువలో సగం ఫ్రీహోల్డర్‌కు చెల్లించాలి. దీనినే మ్యారేజ్ వాల్యూ అంటారు. 2024 చట్టం దీన్ని ఎత్తివేసి, పొడిగింపును 990 ఏళ్లకు పెంచుతుందని రాసి ఉన్నా, చట్టం ఆమోదం పొందడం ఒకటి, అందులోని ఒక్కొక్క సెక్షన్ అమలులోకి రావడం మరొకటి. రెండేళ్లు యజమానిగా ఉంటేనే పొడిగింపు అడగాలన్న పాత షరతు మాత్రం 2025 జనవరి 31న నిజంగానే పోయింది. కాబట్టి 82, 83 ఏళ్లు మిగిలిన ఫ్లాటు కొనేవారు రాబోయే చట్టాన్ని నమ్ముకుని కూర్చోకుండా, తాళంచెవి చేతికొచ్చిన వారంలోనే పొడిగింపు కోరే నోటీసు సంగతి సొలిసిటర్‌తో మాట్లాడుకోవడం మంచిదని నా అభిప్రాయం.

తరువాతిది గ్రౌండ్ రెంట్. 2022 జూన్ 30 నుంచి రాసిన కొత్త ఇళ్ల లీజులలో చాలావాటికి ఇది "పెప్పర్‌కార్న్", అంటే ఒక మిరియపు గింజ మాత్రమే, డబ్బేమీ కట్టనక్కరలేనట్టే. మిరియాలు పండించే దేశం నుంచి వచ్చిన మనకు ఈ మాట కాస్త నవ్వు తెప్పిస్తుంది. అంతకు ముందరి లీజులకు ఈ రక్షణ లేదు. ఏటా 250 పౌండ్లతో మొదలై పదేళ్లకోసారి రెట్టింపయ్యే గ్రౌండ్ రెంట్ 50 ఏళ్లకు 8,000 పౌండ్లవుతుంది. అటువంటి షరతు ఉన్న ఇంటికి అప్పు ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. కొనే రోజున అది పెద్ద మొత్తంగా కనిపించకపోయినా, అమ్మే రోజున అదే అడ్డం తిరుగుతుంది.

సర్వీస్ ఛార్జ్, అంటే భవనం నిర్వహణకు, మరమ్మతులకు మనం కట్టే వాటా, విషయంలో మనవాళ్లు ఎక్కువగా అడిగేది "ఇంత బిల్లు వేయవచ్చా?" అని. 1985 చట్టం ప్రకారం ఖర్చు సమంజసంగా ఉండాలి. ఒక్కొక్క ఇంటివాటా 250 పౌండ్లు మించే మరమ్మతు చేపట్టాలంటే ముందుగా సెక్షన్ 20 నోటీసులిచ్చి మన అభిప్రాయం అడగాలి. అడగకపోతే, ఇటువంటి వివాదాలు విచారించే ట్రిబ్యునల్ మినహాయింపు ఇస్తే తప్ప, మన దగ్గర వసూలు చేయగలిగేది ఆ 250 పౌండ్లే. ఖర్చు పెట్టి 18 నెలలు దాటాక, ఆలోగా లిఖితపూర్వకంగా తెలియజేయకుండా, అడిగిన డబ్బు కూడా చెల్లించనక్కరలేదు. అందుకే కొనేముందు మూడేళ్ల లెక్కలతో పాటు, జరగబోయే పనులకు నోటీసులేమైనా వచ్చాయా అని అడగండి. లిఫ్టు మార్చబోతున్నారనో, పైకప్పు వేయబోతున్నారనో నోటీసు వచ్చి ఉంటే, ఆ భారం ఎవరిదో కొనుగోలు ఒప్పందాలు ఇచ్చిపుచ్చుకోకముందే తేలాలి.

అమ్మేవారి సంగతికి వస్తే, ఆలస్యానికి మూలం చాలాసార్లు ఎల్‌పీఈ1 అనే ఫారం. సర్వీస్ ఛార్జ్, బీమా, బకాయిలు, వివాదాల గురించి కొనుగోలుదారు అడిగే ప్రశ్నలకు ఫ్రీహోల్డరో మేనేజింగ్ ఏజెంటో అందులో జవాబులివ్వాలి, దానికి రుసుము తీసుకుంటారు, తీరిగ్గా పంపుతారు. ఇల్లు మార్కెట్లో పెట్టిన రోజే దానికి దరఖాస్తు చేయండి. ఇంగ్లండులో 11 మీటర్ల ఎత్తుకు, లేదా ఐదంతస్తులకు తగ్గని భవనమైతే 2022 బిల్డింగ్ సేఫ్టీ చట్టం కింద లీజ్‌హోల్డర్ ఇచ్చే సర్టిఫికెట్ కూడా అడుగుతారు. 2022 ఫిబ్రవరి 14న ఆ ఇల్లు ఎవరిది, వారు అక్కడే ఉండేవారా అన్నదాన్ని బట్టి అగ్నిభద్రతా మరమ్మతుల ఖర్చు నుంచి రక్షణ తేలుతుంది కాబట్టి, పాత యజమాని వివరాలు కావలసి రావచ్చు.

అనుమతుల విషయంలో నా అనుభవం ఒకటి చెబుతాను. నా ఫ్లాటు అమ్మేటప్పుడు కొనేవారి సొలిసిటర్ హాలులోని చెక్క ఫ్లోరింగ్ గురించి అడిగారు. దాన్ని వేయించింది నాకు అమ్మినాయన. లీజులో మాత్రం వంటగది, స్నానాలగది తప్ప అన్ని గదుల్లోనూ తివాచీ పరవాలని ఒక పంక్తి ఉంది. అది నేను చదివాను, చదివి పట్టించుకోలేదు. జరిగిపోయినదానికి ఫ్రీహోల్డర్ అనుమతి తెచ్చుకోవడానికి రుసుముతో పాటు ఆరు వారాలు పట్టింది, కొనేవారు ఆగడం నా అదృష్టం.

ఇక అద్దెకిచ్చే విషయం. కొన్ని లీజులు అనుమతి లేకుండా అద్దెకివ్వడాన్ని నిషేధిస్తాయి, కొన్ని ఇచ్చిన తరువాత తెలియజేస్తే చాలంటాయి. ఇంటి అప్పు ఇచ్చిన బ్యాంకు అనుమతి, బీమా కంపెనీకి కబురు వేరుగా ఉండాలి. రోజులవారీ అద్దెకిచ్చే ఆలోచన ఉన్నవారు మరీ జాగ్రత్తపడాలి: ఇంటిని "ప్రైవేటు నివాసంగా మాత్రమే" వాడాలన్న షరతును అటువంటి అద్దెలు ఉల్లంఘించినట్టేనని 2016లో అప్పర్ ట్రిబ్యునల్ ఒక కేసులో తేల్చింది. వేల్స్‌లో అయితే ఇళ్లు అద్దెకిచ్చేవారిని నమోదు చేసే రెంట్ స్మార్ట్ వేల్స్‌లో యజమాని పేరు నమోదు కావాలి.

అద్దెకున్నవారు అర్ధరాత్రి పాటలు పెట్టినా, అనుమతి లేకుండా కుక్కను పెంచినా, ఫ్రీహోల్డర్ ఉత్తరం రాసేది మీకే. అద్దె ఒప్పందం రాయించేటప్పుడు లీజులోని నివాస షరతుల పేజీని దానికి జతచేసి, అద్దెకు దిగేవారి చేత ఆ పేజీ మీద కూడా సంతకం పెట్టించండి.