కార్బన్ కయాక్‌కి అంత డబ్బు పెట్టాలా?

అందరికీ నమస్కారం.

నా వెనకాల మూడు కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవలు, కనిపిస్తున్నాయి కదా. మూడూ ఇంచుమించు ఒకే పొడవు, 5 మీటర్లు. ఎడమ పక్కన ఎర్రది ప్లాస్టిక్, అంటే పాలిథిలీన్. మధ్యలో తెల్లది ఫైబర్‌గ్లాస్, అంటే గాజు పోగుల గుడ్డకి రెసిన్ అనే జిగురు పట్టించి చేసింది. కుడి పక్కన నల్లగా మెరుస్తూ, మీ కళ్లు ఇప్పటికే దేని మీద ఉన్నాయో, అది కార్బన్ ఫైబర్. ఆ నల్లదానికి పెట్టే డబ్బుతో ఎర్రవి రెండు కొనుక్కోవచ్చు. కొన్ని మోడల్స్‌లో మూడు కూడా వస్తాయి. మరి అంత పెట్టడం దండగా, కాదా అన్నదే ఈ వీడియో.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, చివరిదాకా కూర్చోబెట్టను. కార్బన్ కయాక్ తేలికదనం మనకి బాగా తెలిసేది ఒడ్డు మీద. నీళ్లలోకి దిగాక అందులో చాలావరకు ఎక్కడికి పోయిందో కూడా తెలియదు. కాబట్టి మీ పడవని ఎవరు మోస్తారు, ఎంత దూరం మోస్తారు, ఎలా మోస్తారు అన్నదాన్ని బట్టి కొనండి. వేగం కోసమైతే మాత్రం వద్దు. ఎందుకో చెబుతాను.

ముందు బరువులు చూద్దాం. ఈ పొడవున్న సీ కయాక్ ప్లాస్టిక్‌దైతే మామూలుగా 26 నుంచి 30 కిలోలు తూగుతుంది. ఫైబర్‌గ్లాస్‌ది 23 నుంచి 26. కార్బన్‌ది 17 నుంచి 21. పొరల మధ్య కోర్‌గా, అంటే తేలికైన నడిమి పొరగా, ఫోమో, తేనెపట్టులాంటి హనీకోంబో పెట్టి ఇంకా పల్చగా చేసినవి 15 దాకా దిగుతాయి. ప్లాస్టిక్‌కీ కార్బన్‌కీ తేడా సుమారు 10 కిలోలు అనుకుందాం.

10 కిలోలంటే పెద్ద బరువేం కాదు అనిపిస్తుంది. కానీ ఇది 5 మీటర్ల పొడుగు వస్తువు. ఒక్కరే దీన్ని నేల మీంచి తొడల మీదకి, అక్కణ్ణుంచి భుజం మీదకి, భుజం మీంచి కారు పైన రాక్ మీదకి ఎక్కించాలి. చేతులు తలపైకి వెళ్లాక, నడుము కాస్త మెలి తిరిగి ఉన్నప్పుడు, పక్కనుంచి గాలి కొడితే అప్పుడు తెలుస్తుంది. 18 కిలోల పడవ మీ మాట వింటుంది. 28 కిలోల పడవైతే దాని మాట మీరు వినాలి.

షోరూమ్‌లో ఎత్తి చూసి ఈ విషయం తేల్చుకోలేం. అక్కడ ఒళ్లు అలిసిపోకుండా, కాళ్ల కింద చదునైన గచ్చు మీద నిలబడి ఎత్తుతాం. అసలు పరీక్ష తిరిగొచ్చేటప్పుడు. మూడు నాలుగు గంటలు తెడ్డు వేసి భుజాలు లాగేస్తుంటాయి, చేతులు తడిగా ఉంటాయి, కాళ్ల కింద పాకుడు రాళ్లు. అప్పుడు పడవని కారు దాకా చేర్చాలి. ఇలా నాలుగైదు సార్లు ఇబ్బంది పడ్డాక జనం ఏం చేస్తారో తెలుసా? పడవ అమ్మరు, వాడటం తగ్గిస్తారు. ‘ఈ వారం వద్దులే’ అని ఒకసారి, ‘తోడు ఎవరైనా వస్తే వెళ్దాం’ అని ఇంకోసారి. పడవ గోడకి ఆనుకుని ఉండిపోతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లకి, వయసు పైబడినవాళ్లకి, ఒంటరిగా వెళ్లేవాళ్లకి, ఒక చెరువులోంచి ఇంకో చెరువుకి పడవ మోసుకుంటూ ప్రయాణాలు చేసేవాళ్లకి ఆ 10 కిలోల కోసం పెట్టే డబ్బు దండగ అని నేను చచ్చినా అనను.

అయితే ఒక చిన్న మెలిక. పడవ మొత్తాన్ని ఒకేసారి ఎత్తాల్సిన పని లేదు. ముందు కొసని వెనక రాక్ మీద ఆనించి, వెనక కొస పట్టుకుని ఎత్తి తోస్తే, ఏ క్షణంలోనూ మీ చేతుల మీద సగం బరువుకి మించి పడదు. రాక్‌కి రోలర్ పెట్టుకుంటే ఇంకా సులువు. కారు నుంచి నీటి దాకా లాక్కెళ్లడానికి రెండు చక్రాల ట్రాలీ దొరుకుతుంది. ఈ రెండింటికీ కలిపి అయ్యే ఖర్చు కార్బన్ పడవ ధరలో చిన్న ముక్క. ముందు అవి వాడి చూడండి. అప్పటికీ ఇబ్బందిగానే ఉంటే కార్బన్ గురించి ఆలోచించండి.

సరే, ఇప్పుడు నీళ్లలోకి దిగుదాం. ‘తేలిగ్గా ఉంటే వేగంగా పోతుంది కదా’ అని అందరూ అనుకుంటారు. పోతుంది. ఎంత అన్నదే ప్రశ్న.

కూర్చునే మనిషి 75 కిలోలు, సామాను 10 కిలోలు. 28 కిలోల ప్లాస్టిక్ పడవతో కలిపి మొత్తం 113. 18 కిలోల కార్బన్‌తో 103. అంటే పడవ బరువు మూడో వంతు పైగా తగ్గినా, నీళ్లు మోసే మొత్తం బరువులో తగ్గింది 9 శాతమే. నీళ్లకి పడవ, మనిషి, సంచి అన్న తేడా ఉండదు కదా, అన్నీ కలిపే మోస్తాయి. ఆ 10 కిలోలు తగ్గితే ఈ సైజు పడవ నీళ్లలోంచి పైకి లేచేది ఆరేడు మిల్లీమీటర్లు. మామూలు వేగంలో పడవని వెనక్కి లాగేది ఎక్కువగా నీటి రాపిడి. తడిసిన ఉపరితలం తగ్గితే అది తగ్గుతుంది. ఆరేడు మిల్లీమీటర్లకి తగ్గే ఉపరితలం రమారమి 3 శాతం. ఇక వేగం పెరిగేకొద్దీ కావాల్సిన శక్తి వేగం ఘనంలో పెరుగుతుంది కాబట్టి, ఆ 3 శాతం వేగంలోకి వచ్చేసరికి ఒక్క శాతం దగ్గర తేలుతుంది. గంటకు 6 కిలోమీటర్లు పోయే మనిషి అదే శ్రమతో గంటయ్యాక 60 మీటర్లు ముందుంటాడు. అంతే. ఇది కాగితం మీద వేసిన ఉజ్జాయింపు లెక్కే. అయినా వచ్చే అంకె ఈ చుట్టుపక్కలే ఉంటుంది.

‘మరి నేను నడిపినప్పుడు కార్బన్ పడవ బాణంలా దూసుకుపోయిందే’ అంటారా? నిజమే, అలాగే అనిపిస్తుంది. మొదటి నాలుగైదు తెడ్లలో పడవ ఊపందుకోవడం బరువు మీద ఆధారపడుతుంది, 9 శాతం తేడా అక్కడ చేతులకి తెలుస్తుంది. ఆగుతూ, మలుపులు తిరుగుతూ పోయేవాళ్లకి, సర్ఫ్‌స్కీ, అంటే సముద్రపు అలల మీద నడిపే సన్నటి కయాక్ మీద అలని అందుకోవాలని ఒక్కసారిగా వేగం పెంచేవాళ్లకి ఇది ఉపయోగమే. దానికితోడు, ప్లాస్టిక్ పడవతో పోలిస్తే కార్బన్ పడవ ఆకారం కూడా మామూలుగా వేరుగా ఉంటుంది. ఇంకాస్త పొడుగు, ఇంకాస్త సన్నం. మీకు తెలిసిన వేగంలో పెద్ద వాటా ఆ ఆకారానిదే. నీటి గీత దగ్గర, అంటే నీళ్లు తాకే చోట కొలిస్తే, 10 అడుగుల పొడవున్న పడవకి సహజంగా వచ్చే పైవేగం గంటకు 8 కిలోమీటర్ల దగ్గర ఆగితే, 16 అడుగుల పడవకి 10 దగ్గర ఆగుతుంది. వేగం కావాలంటే ముందు పొడవు, వెడల్పు చూడండి. పొడుగాటి సన్నని ఫైబర్‌గ్లాస్ పడవ పొట్టి కార్బన్ పడవని అవలీలగా దాటేస్తుంది.

పందేలవాళ్ల సంగతి వేరు. ఒక్క శాతం అంటే వాళ్లకి పతకం. ఒలింపిక్ స్ప్రింట్‌లో వాడే కే1, అంటే ఒక్కరే నడిపే పడవ, 5.2 మీటర్ల పొడవు దాటకూడదు, 12 కిలోల కంటే తక్కువ ఉండకూడదు అని నిబంధన. తూకంలో తక్కువొస్తే లోపల బరువు బిగించి 12కి తెస్తారు! మరి అంతకంటే తేలిగ్గా చేయడం చేతనైనప్పుడు ఇంకా కార్బన్ ఎందుకంటే, గట్టిదనం కోసం. కార్బన్ పోగు వంగకుండా నిలబడే గుణంలో గాజు పోగుకి మూడింతలు ఉంటుంది, సాంద్రత మాత్రం తక్కువ. కాళ్లతో తన్ని తెడ్డు లాగినప్పుడు పడవ మెలితిరగకుండా ఆ బలమంతా ముందుకే పోతుంది. మనలాంటి వారాంతపు జనానికి? మంచి ఫైబర్‌గ్లాస్ పడవ కూడా తగినంత గట్టిగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్తగా ఉండాల్సిన చోటికి వద్దాం. ‘కార్బన్’ అని రాసిన ప్రతి పడవా ఒకటి కాదు. పైన ఒక్క పొర కార్బన్ వేసి లోపలంతా గాజు గుడ్డే వేసినవి ఉన్నాయి. అవి చూడ్డానికి నల్లగా, గళ్లు గళ్లుగా, ఎంత అందంగా ఉంటాయో! తూకం వేస్తే ఫైబర్‌గ్లాస్‌కి ఒకటో రెండో కిలోలు తక్కువ. అలాగే జెల్‌కోట్ అనే పైపూత మందంగా పూస్తే, రెసిన్ ఎక్కువ పట్టేలా చేత్తో వేస్తే, మీరు డబ్బు పెట్టిన తేలికదనం అక్కడే పోతుంది. వాక్యూమ్ పెట్టి అదనపు రెసిన్‌ని లాగేసి చేసిన ఫైబర్‌గ్లాస్ పడవ ఒక్కోసారి నాసిరకం కార్బన్ పడవ కంటే తేలిగ్గా ఉంటుంది. అందుకే ఏయే పొరలు, ఎన్ని, ఏ రెసిన్, వాక్యూమ్ వాడారా లేదా అని అడగండి. బ్రోషర్‌లో రాసిన బరువు సీటు, సామాను అరల హాచ్ మూతలు, అడుగున దించే రెక్క స్కెగ్ కలిపిందా, ఉత్త డొల్లదా అన్నది కూడా అడగండి. ఇంకా మంచిది, వేలాడదీసే చిన్న డిజిటల్ కాటా ఒకటి తీసుకెళ్లి అక్కడే తూచండి. మొహమాటపడకండి, డబ్బు మీది.

పగిలే సంగతి. కార్బన్ గట్టిది, కానీ సాగదు. తెగే ముందు అది సాగేది సుమారు 2 శాతం. గాజు పోగు దాదాపు అంతకు రెట్టింపు సాగుతుంది. కాబట్టి రాయికి గట్టిగా తగిలితే ప్లాస్టిక్ సొట్టపోయి ఊరుకుంటుంది, ఫైబర్‌గ్లాస్ పైన గీతలు పడి బీటలిస్తుంది, పల్చటి కార్బన్ మాత్రం విరుగుతుంది. అందుకే చాలామంది తయారీదారులు లోపలి పొరలో కెవ్లార్ కలుపుతారు. 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన పోగు ఇది. కార్బన్ విరిగినా కెవ్లార్ చిరగకుండా పట్టుకుని ఉంచుతుంది, పెద్ద బొక్క పడకుండా కాపాడుతుంది. నన్నడిగితే కార్బన్ ఒక్కటే ఉన్న పడవ కంటే ఈ మిశ్రమమే మేలు, అరకిలో బరువెక్కువైనా సరే. రాళ్ల మధ్య దూకే నదుల్లోకి మాత్రం ఆలోచించకుండా ప్లాస్టిక్ తీసుకోండి.

రిపేర్‌లో ఒక విచిత్రం ఉంది. ప్లాస్టిక్ మొండిదే కానీ నిజంగా చీలితే దానికి జిగురు సరిగా అంటదు, ప్లాస్టిక్ వెల్డింగ్ తెలిసినవాళ్లు కావాలి. కార్బన్, ఫైబర్‌గ్లాస్ అయితే ఎపాక్సీ అనే రెసిన్, గుడ్డ ముక్క ఉంటే ఇంట్లోనే అతుకు వేసుకోవచ్చు. అతుకు కనబడుతుంది, పడవ కారదు.

ఉప్పునీళ్లలో వాడేవాళ్లకి ఒక మాట. కార్బన్‌కి అల్యూమినియం నేరుగా తగిలి ఉంటే ఉప్పునీటిలో ఆ అల్యూమినియాన్ని తుప్పు తొందరగా తినేస్తుంది. బోల్టులు, ఫుట్‌రెస్ట్ పట్టాలు దేనితో చేశారో చూసుకోండి. నల్లటి పడవ నీళ్ల మీద దూరం నుంచి కనబడదు కూడా, మోటారు బోట్లు తిరిగే చోట ఇది చిన్న విషయం కాదు. పై భాగం తెల్లగానో పసుపుగానో ఉన్నది అడగండి. గళ్లు కనపడవని బాధపడకండి.

ఇక ఈ వీడియోలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే, ఇది పెట్టుకోండి. ముందు తెడ్డు మార్చండి. అల్యూమినియం కర్రకి ప్లాస్టిక్ ఆకులు బిగించిన తెడ్డు 1,100 గ్రాముల దాకా ఉంటుంది. కార్బన్ తెడ్డు 650 గ్రాములు. నిమిషానికి 60 సార్లు వేస్తే గంటకి 3,600 సార్లు. తేడా 450 గ్రాములు. గుణిస్తే 1,600 కిలోల పైన. ప్రతిసారీ తెడ్డు మొత్తాన్ని ఎత్తం, నిజమే. సగమనుకున్నా తక్కువేం కాదు. పడవ బరువుని నీళ్లు మోస్తాయి, తెడ్డు బరువుని మోసేది మన భుజాలే. ఖర్చు చూస్తే పడవ ధరలో పదో వంతు దగ్గర. తేలిక కోసం డబ్బు పెట్టాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు.

తేలిక అంటే కార్బనే కానక్కర్లేదు కూడా. పల్చటి ప్లైవుడ్ ముక్కల్ని కుట్టి, ఎపాక్సీతో అతికించి ఇంట్లో చేసుకునే 5 మీటర్ల చెక్క కయాక్‌లు 20 కిలోల లోపే వస్తాయి. ఓపిక ఉంటే చూడండి. మడతపెట్టే కయాక్‌లు ఇంకో దారి. వాటిని తక్కువగా చూస్తారేమో, ఆస్కర్ స్పెక్ అనే జర్మన్ 1932లో అలాంటి మడత పడవలోనే డాన్యూబ్ నది మీద బయల్దేరి, 1939లో ఆస్ట్రేలియా చేరాడు. చేరేసరికి యుద్ధం మొదలైంది, శత్రుదేశం మనిషని నిర్బంధంలో పెట్టారు. అంత కష్టపడి వెళ్లినవాడికి దక్కిన స్వాగతం అది, పాపం.

చివరగా పాత కార్బన్ పడవల మాట. చాలామందికి నేను చెప్పేది ఇదే, కొత్తది కాకుండా వాడినది వెతకండి. ధర బాగా తగ్గుతుంది, బరువు మాత్రం తగ్గిన ధరతో పెరగదు కదా. చూడ్డానికి వెళ్లినప్పుడు టార్చ్ తీసుకెళ్లి కాక్‌పిట్‌లోంచి, అంటే మనం కూర్చునే గుంతలోంచి, లోపలి వైపు చూడండి. బయట పాలిష్ పెట్టి దాచిన పగుళ్లు లోపల తెల్లటి గీతల్లా, ఉబ్బుల్లా కనబడతాయి. సీటు కింద, మడమలు ఆనే చోట బొటనవేలితో నొక్కండి. చుట్టుపక్కల కంటే మెత్తగా దిగితే పొరలు విడిపోయినట్టు. తర్వాత నాణెంతో అడుగంతా తట్టుకుంటూ రండి. టకటకమని ఒకే తీరుగా మోగాలి. ఎక్కడైనా మొద్దుగా వినిపిస్తే అక్కడ ఆగి, దాని చుట్టూ చాక్‌పీస్‌తో గీత గీయండి. అలా చాక్‌పీస్‌తో గీసిన చోట్లు రెండు మూడే ఉండి, చిన్నవైతే రిపేర్ ఖర్చు తగ్గించి బేరమాడండి. కోర్ ఉన్న పడవ అయి, అడుగున చేయంత మేర అలా మోగితే నీళ్లు లోపలికి ఇంకి ఉండొచ్చు. అక్కడే కాటా తీసి తూచండి. కంపెనీ చెప్పిన బరువు కంటే రెండు కిలోలు ఎక్కువుంటే ఆ పడవ ఎంత మెరుస్తున్నా వదిలేయండి.