దోసెకి 7, లడ్డుకి 8: నంబర్ సిరీస్ మీద ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం అండీ, తిరుపతి నుంచి మన సాయంత్రం ఫోన్-ఇన్‌కి స్వాగతం. పోయిన వారం చివర్లో ఒక చిన్న లెక్క ఇచ్చినాం గదా, 1, 2, 4 తర్వాత ఏం వస్తుంది అని. మెసేజ్‌లు చూస్తే కొందరు 8 అన్నారు, కొందరు 7 అన్నారు, ఒకరికొకరు తప్పని గొడవ కూడా పెట్టుకున్నారు. అందుకే ఈరోజు మన లెక్కల మాస్టారు స్టూడియోకి వచ్చినారు. మాస్టారూ, ఎవరు కరెక్టు?

మాస్టారు: ఇద్దరూ కరెక్టేనమ్మా, నేను ఊరికే సర్ది చెప్పే మాట కాదు ఇది. దోసె తీసుకోండి, కత్తితో తిన్నగా కోస్తా పోవాల, మధ్యలో ముక్కలు జరపకూడదు, ఎక్కువలో ఎక్కువ ఎన్ని ముక్కలు వస్తాయో చూడాల. కొయ్యకముందు 1, ఒక కోతకి 2, రెండు కోతలకి 4, మూడో కోతకి 7. అందరం మూడు కోతలూ నడిమధ్యలోనే వేస్తాం, అప్పుడు 6 ముక్కలే, మూడోది కొంచెం పక్కకి వేస్తే మధ్యలో చిన్న త్రికోణం ముక్క పడుతుంది, అదే ఏడోది. ఇప్పుడు దోసె బదులు పెద్ద లడ్డు తీసుకోండి, పైనుంచి రెండు కోతలు వేస్తే 4, మూడోది అడ్డంగా నడుముకి వేస్తే 8. సిరీస్ మొదలు ఒకటే, 1, 2, 4. దోసె అయితే 7, లడ్డు అయితే 8. దేన్ని కోస్తున్నామో చెప్పకుండా అడిగితే పిల్లోడు ఏం చేస్తాడు చెప్పండి.

యాంకర్: బాగుంది మాస్టారూ. మొదటి కాల్ లైన్లో ఉంది, హలో చెప్పండి.

చిత్తూరు అక్క: నమస్తే మేడం, నమస్తే సార్, చిత్తూరు నుంచి మాట్లాడతా ఉండాను. మా పిల్లోడు నాలుగో తరగతి సార్. వర్క్‌షీట్లో 2, 3, 5, తర్వాత ఖాళీ ఇచ్చినారు, మావాడు 8 రాసినాడు, ఎర్ర పెన్నుతో కొట్టేసి 7 అని రాసినారు. వాడు ఆ పేజీ మడిచి బ్యాగు అడుగున పెట్టేసినాడు, నాకు రెండు రోజుల తర్వాత కనపడింది. వాళ్ళ నాన్నేమో 8 కరెక్టేరా అంటాడు, నాకేమో మళ్ళీ స్కూల్లో పోయి అడగాలంటే భయం.

మాస్టారు: పేజీ మడిచి దాచినాడా... ఆ మాట వింటేనే కష్టంగా ఉందమ్మా. చూడండి, 2, 3, 5 ప్రధాన సంఖ్యలు అనుకుంటే తర్వాత 7. ముందు రెండూ కలిపితే తర్వాతది అనుకుంటే 3, 5 కలిపి 8. రెండింతలు చేసి ఒకటి తీసేస్తే అనుకుంటే 2కి 3, 3కి 5, 5కి 9. మూడు జవాబులు, మూడింటికీ రూలు ఉంది. మూడు అంకెలిచ్చి నాలుగోది అడగడం ప్రశ్న తయారు చేసినవాళ్ళ పొరపాటు, పిల్లోడిది కాదు. ఇంకొక సంగతి, 8 రాసినాడే, అది మన తెలుగు క్లాసులోదే. లఘువు గురువు గుర్తున్నాయా అమ్మా?

చిత్తూరు అక్క: ఆ, లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు మాత్రలు.

మాస్టారు: అంతే. నాలుగు మాత్రలు నింపాలంటే ఎన్ని రకాలుగా నింపొచ్చు? గగ, గలల, లగల, లలగ, లలలల, మొత్తం 5. మూడు మాత్రలకి 3, రెండింటికి 2. ఐదు మాత్రలకి వేళ్ళ మీద లెక్కేసి చూడండి, 8 వస్తుంది. ఎందుకంటే చివర లఘువు ఉంటే ముందు నాలుగు మాత్రలు నింపుకోవాల, చివర గురువు ఉంటే ముందు మూడు, 5 ప్లస్ 3. దీన్ని జైన పండితుడు హేమచంద్రుడు 1150 ప్రాంతంలోనే ఛందస్సు కోసం చెప్పినాడు, ఇదే సిరీస్ ఉన్న ఇటలీ లెక్కల పండితుడు ఫిబొనాచీ పుస్తకం 1202లో వచ్చింది. పిల్లోడు ఎట్ల ఆలోచించినాడో వాడినే అడగాల, ఉన్నాడా ఇంట్లో?

చిత్తూరు అక్క: ట్యూషన్‌కి పోయినాడు సార్, ఒక అరగంటలో వచ్చేస్తాడు.

యాంకర్: వచ్చినాక ఫోన్ చేయించండక్కా, లైన్ కలుపుతాం. రేణిగుంట నుంచి తమ్ముడు ఉన్నాడు, చెప్పు తమ్ముడూ.

రేణిగుంట తమ్ముడు: సార్ నమస్తే, రైల్వే ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అవుతా ఉన్నా, మొన్న కోచింగ్లో మాక్ టెస్ట్ పెట్టినారు, 1, 2, 4, 8, తర్వాత ఏంది అని, ఆప్షన్లలో 15 ఉంది 16 ఉంది, నేను కళ్ళు మూసుకుని 16 పెట్టినా, కీలో 15 ఇచ్చినారు, అడిగితే తేడాల తేడా చూడు అన్నారు, ఒక మార్కు పోయింది పైగా మూడో వంతు మైనస్, దాంతో కటాఫ్ కింద పడిపోయినా సార్.

మాస్టారు: రోంత నిదానంగా విను నాయనా, నీ 16 తప్పు కాదు, ఆ 15 కూడా గాల్లోంచి రాలేదు. 1, 2, 4, 8కి తేడాలు 1, 2, 4. ఆ తేడాల తేడాలు 1, 2. తర్వాత 3 అనుకుంటే తేడా 7 అవుతుంది, 8కి 7 కలిపితే 15. ఇందాక లడ్డు చెప్పినా గదా, నాలుగో కోతకి వచ్చేది అదే, 16 కాదు 15. ఎందుకో చెప్తా, నాకు ఈ ముక్క చాలా ఇష్టం. నాలుగో కోత వేసినాక ఆ కోసిన ముఖం చూడు, దాని మీద పాత మూడు కోతల గీతలు కనపడతాయి. అంటే ఆ ముఖమే ఒక దోసె. మూడు గీతలకి దోసె 7 ముక్కలవుతుంది గదా, ఆ ఒక్కో ముక్క దగ్గర లడ్డు ముక్క ఒకటి రెండవుతుంది, అందుకే 8కి 7 కలుస్తుంది. నిజం లడ్డు కొయ్యబాకు, పొడి రాలిపోతుంది, మనసులో కోసుకో.

రేణిగుంట తమ్ముడు: అయితే పరీక్షలో ఏది పెట్టాల సార్?

మాస్టారు: 16 పెట్టు. ఎందుకంటే సాక్షులు లెక్కపెట్టాల. ఇది అందరూ రాసుకోండి దయచేసి. రెండింతలు అనే రూలులో మనం సొంతంగా పెట్టుకుంది ఏంది? మొదలు 1, గుణకం 2, అంతే. 1, 2 చూస్తానే ఆ రెండూ తెలిసిపోతాయి. మిగిలిన 4, 8 వచ్చి అవును ఈ రూలు నిజమే అని సాక్ష్యం చెప్తాయి, ఇద్దరు సాక్షులు. తేడాల తేడా రూలుకి మొదలు 1, తేడా 1, దాని తేడా 1, అది మళ్ళీ ఒక్కొక్కటే పెరగాల, మొత్తం నాలుగు విషయాలు. నాలుగు అంకెలూ దానికే ఖర్చయిపోయినాయి, సాక్షి ఒక్కడూ లేడు. సిరీస్‌లో 15 కూడా ఇచ్చి తర్వాతది అడిగుంటే అప్పుడు 26 అనొచ్చు, 15 సాక్షి కాబట్టి. ఇందాక అక్క చెప్పిన 2, 3, 5లో 9 కూడా అంతే, గుణించి తీసేసే రూలు ఏ మూడు అంకెలకైనా దాదాపు సరిపోతుంది, సాక్షి లేదు.

రేణిగుంట తమ్ముడు: సార్ పరీక్షలో అంత ఆలోచించేదానికి టైం యాడుంది?

మాస్టారు: ప్రాక్టీస్‌లో ఆలోచిస్తే పరీక్షలో చెయ్యే చెప్తుంది. ముందు తేడాలు చూడు, పని చెయ్యకపోతే భాగించి చూడు, వర్గాలు ఘనాలకి ఒకటి అటూ ఇటూ ఉన్నాయేమో చూడు, అంకెలు ఒకసారి పెరిగి ఒకసారి తగ్గితే ఒకటి విడిచి ఒకటి చదువు, రెండు సిరీస్‌లు కలిపి ఉంటారు. నిమిషం దాటితే వదిలేయ్, నిజంగా వదిలేయ్, సిరీస్ మీద పంతం పడితే వెనక ఉన్న నాలుగు సులభమైన లెక్కలు పోతాయి. అసలు రైల్వే పరీక్ష అయితే కీ వచ్చినాక అభ్యంతరం పెట్టుకోవచ్చు, ప్రశ్నకి 50 రూపాయలు కట్టించుకుంటా వచ్చినారు, నీ మాట నిలబడితే తిరిగిస్తారు. నా జవాబు కరెక్టు అని ఊరికే రాయకుండా రూలు రాసి, దానికి ఎన్ని అంకెలు సాక్ష్యమో రాసి పంపు.

యాంకర్: తిరుచానూరు నుంచి అన్న లైన్లో ఉన్నారు.

తిరుచానూరు అన్న: మాస్టారూ, నేను ఆటో నడుపుతాను, మా స్టాండ్లో వాట్సాప్ లెక్క ఒకటి వచ్చి ఇద్దరు మాట్లాడుకోవడమే మానేసినారు. 1+4=5, 2+5=12, 3+6=21, 8+11 ఎంత అని. ఒకడు 40 అంటాడు, ఒకడు 96 అంటాడు, 500 పందెం కూడా కట్టినారు, డబ్బులు నా దగ్గరే ఉండాయి.

మాస్టారు: డబ్బులు ఎవరికీ ఇవ్వబాకన్నా ఇంకా. 40 అన్నాయన పై లైను జవాబుని కింద కలుపుతా పోయినాడు, 5కి 2, 5 కలిపితే 12, దానికి 3, 6 కలిపితే 21, దానికి 8, 11 కలిపితే 40. 96 అన్నాయన గుణించి మొదటి అంకె కలిపినాడు, 1, 4 గుణిస్తే 4 ప్లస్ 1, 5. 2, 5 గుణిస్తే 10 ప్లస్ 2, 12. 8, 11 గుణిస్తే 88 ప్లస్ 8, 96. రెండూ మూడు లైన్లకీ సరిపోయినాయి.

తిరుచానూరు అన్న: మరి పందెం?

మాస్టారు: 3+6 తర్వాత సడెన్‌గా 8+11కి దూకినారు గదా, మధ్యలో 4+7, 5+8, 6+9, 7+10 లేవు. అవి పెట్టి 40 ఆయన పద్ధతిలోనే చెయ్. 21కి 11 కలిపితే 32. 32కి 13 కలిపితే 45. 45కి 15 కలిపితే 60. 60కి 17 కలిపితే 77. ఇప్పుడు 8+11, 77కి 19 కలిపితే ఎంత?

తిరుచానూరు అన్న: 77, 19... తొంభై ఆరు! అరె, అదే వచ్చిందే సార్.

మాస్టారు: లైన్లు దాటేసినారు కాబట్టి గొడవ వచ్చింది, లైన్లన్నీ ఉంటే ఇద్దరూ ఒకే చోటికి వచ్చేవాళ్ళు. ఇద్దరినీ కూర్చోబెట్టి టీ గ్లాసు పక్కన పేపర్ మీద ఈ ఎనిమిది లైన్లు వెయ్, చూసుకుంటారు. పందెం డబ్బులు వెనక్కి ఇచ్చేయ్.

యాంకర్: బాలాజీ కాలనీ నుంచి ఒక స్టూడెంట్, చెప్పమ్మా.

బాలాజీ కాలనీ అమ్మాయి: సార్, డిగ్రీ మ్యాథ్స్ చదువుతున్నాను, ఏ సిరీస్‌కైనా ఏ నంబరైనా జవాబుగా పెట్టొచ్చు అని మా సీనియర్ అంటుంది, అది నిజమేనా, నిజమైతే ఈ ప్రశ్నలే ఎందుకు సార్?

మాస్టారు: నిజమేనమ్మా, లగ్రాంజ్ ఇంటర్‌పొలేషన్ అని, ఇచ్చిన అంకెలన్నిటికీ సరిపోయే ఫార్ములా కట్టే పద్ధతి, మీకు సిలబస్‌లోనే ఉంటుంది. 1, 2, 3, 4 తర్వాత 5 వద్దు, అలిపిరి మెట్లు 3550 రావాల అను. ఎన్ అంటే ఎన్నో చోటు అనుకో, ఆ ఎన్ తీసుకుని, దానికి ఎన్ మైనస్ 1, ఎన్ మైనస్ 2, ఎన్ మైనస్ 3, ఎన్ మైనస్ 4 నాలుగూ గుణించి కలుపు. మొదటి నాలుగు చోట్లా ఆ గుణకారం సున్నా, 1, 2, 3, 4 కదలవు. ఐదో చోట అది 24, మొత్తం 29. ఆ గుణకారాన్ని 3545 బై 24తో గుణించి కలిపితే ఐదోది సరిగ్గా 3550. అయితే ఆ 3550 ఎక్కడిది? మనమే జేబులోంచి తీసి పెట్టినాం, సిరీస్ దాని గురించి ఒక్క మాట చెప్పలేదు. అందుకే సాక్షులు లెక్కపెట్టమంటున్నా. ఇంకొకటి, నెట్‌లో ఓఈఐఎస్ అని నంబర్ సిరీస్‌ల పెద్ద జాబితా ఉంది, నీల్ స్లోన్ అనే ఆయన 1964లో స్టూడెంట్‌గా ఉన్నప్పుడు కార్డుల మీద సిరీస్‌లు రాసుకోవడం మొదలుపెట్టినాడు, ఇప్పుడు అందులో 3 లక్షల పైన ఉన్నాయి. 1, 2, 4 అని కొట్టి చూడు, పేజీలకి పేజీలు వస్తాయి. అందులో ఒక్కో సిరీస్‌కి ఒక నంబరు ఉంటుంది, మన దోసె ముక్కలది ఏ000124, లడ్డు ముక్కలది ఏ000125, పక్కపక్కనే ఉన్నాయి, చూసినప్పుడు నాకు ఎంత సంతోషమయ్యిందో.

యాంకర్: టైం దగ్గర పడింది, చిత్తూరు నుంచి ఇందాకటి అక్క మళ్ళీ లైన్లోకి వచ్చినారు.

చిత్తూరు అక్క: వచ్చినాడు సార్, ఇదిగో ఇస్తాను. మాట్లాడు నాన్నా, సార్ ఏమీ అనరు.

పిల్లోడు: ...నమస్తే సార్.

మాస్టారు: నమస్తే కన్నా. 2, 3, 5 తర్వాత 8 రాసినావంట, ఎట్ల వచ్చింది నీకు?

పిల్లోడు: 2కి ఒకటి కలిపినా 3. 3కి రెండు కలిపినా 5. 5కి మూడు కలిపినా 8.

మాస్టారు: ఓహో! నేను ఇంతసేపు నువ్వు ముందు రెండూ కలిపినావని అనుకుంటా ఉన్నా, నీది వేరే రూలు. చూడండమ్మా, అడగకపోతే నాకూ తెలిసేది కాదు. కన్నా, 8 తర్వాత ఏం వస్తుంది?

పిల్లోడు: నాలుగు కలపాల... 12.

మాస్టారు: లఘువు గురువు లెక్కలో అయితే 13 వస్తుంది, నీ లెక్కలో 12, 8 దాకా ఇద్దరం కలిసి నడిచినాం. రేపు ఆ పేజీ తీసి, 8 పక్కన ప్లస్ 1, ప్లస్ 2, ప్లస్ 3 అని చిన్నగా రాయి, తర్వాత 12 కూడా రాయి, మీ మేడంకి చూపించు. మేడం 7 ఎందుకు రాసినారో అది కూడా అడిగి తెలుసుకో, ప్రధాన సంఖ్యలు అంటే ఏందో చెప్తారు.

పిల్లోడు: సార్, పేజీ మడతలు పడిపోయింది.

మాస్టారు: ఏం పర్లేదు, చేత్తో రుద్ది సాపు చెయ్.