గోరువెచ్చగా ఉన్న అన్నం

హోస్ట్: అందరికీ నమస్కారం. ఇవాళ మనతో మా వదిన ఉన్నారు. డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతారు. వదినా, మన గృహప్రవేశం రోజు జరిగిన దానితోనే మొదలుపెడదామా?

వదిన: అక్కడి నుంచే చెప్పాలి. మధ్యాహ్నం రెండు వందల మంది భోంచేస్తే ఒక్కరికి కూడా ఏమీ కాలేదు. మిగిలిన అన్నం డేక్సాలోనే మూతపెట్టి షామియానా కింద ఉండిపోయింది. రాత్రి తొమ్మిదింటికి దానికే పోపు పెట్టి, ఉండిపోయిన చుట్టాలకి వడ్డించాం. పదకొండు దాటకుండానే మా చిన్నదానికి వాంతులు మొదలయ్యాయి. ఆ వెంటనే పెద్దమామయ్య గారికి. తెల్లారేసరికి తొమ్మిది మంది.

హోస్ట్: నేనూ తిన్నాను కదా. పొగలు కక్కుతోంది, బాగా వేగింది, ఇంక భయమేముంది అనుకున్నా.

వదిన: నేను పాఠం చెప్పేదాన్ని, నాకే ఆ పూట తట్టలేదు. అది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అని ఒక బ్యాక్టీరియా ఉంటుంది. దాని స్పోర్లు గట్టి గింజల్లాంటివి, అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా అయ్యాక మొలకెత్తి, పెరుగుతూ విషాన్ని వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం పోపు వేడికి పోదు. మళ్ళీ వేడి చేస్తే బ్యాక్టీరియా చస్తుందేమో కానీ, అది వదిలిన విషం అన్నంలోనే ఉంటుంది.

హోస్ట్: వాసన కూడా ఏం తేడాగా లేదు.

వదిన: ఉండదు. పాచిపోయిన వాసన వస్తే మనమే పారబోస్తాం. ఏ వాసనా రాని దానితోనే ప్రమాదం. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య ఆహారంలో బ్యాక్టీరియా పెరుగుతుంది. వెచ్చదనం బాగా కుదిరితే కొన్ని సూక్ష్మజీవులు 20 నిమిషాలకు రెట్టింపవుతాయి. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా లెక్క వెయ్యి. ఒక్కటి 20 లక్షలు దాటుతుంది. పైగా డేక్సా నిండా అన్నం, దానికి మూత. పైన చల్లారినట్టే ఉంటుంది, మధ్యలో చెయ్యి పెడితే సాయంత్రానికి కూడా వెచ్చగానే తగులుతుంది.

హోస్ట్: మరి మన పెద్దవాళ్ళు రోజూ చద్దన్నం తిన్నారు కదా?

వదిన: మంచి ప్రశ్న. వాళ్ళు చారెడు అన్నంలో మజ్జిగో, గంజో పోసి పులవబెట్టేవారు. పులుపెక్కితే ఈ బ్యాక్టీరియా పెరగడం కష్టం. అలాగని పొద్దంతా డేక్సాలో మగ్గిన అన్నంలో రాత్రి మజ్జిగ పోస్తే లాభం లేదు, విషం అప్పటికే తయారై ఉండొచ్చు.

హోస్ట్: 2024 అక్టోబరులో బంజారాహిల్స్ మోమోల సంగతి కూడా ఇలాంటిదేనా?

వదిన: దారి వేరు. అక్కడ మోమోలు తిని ఒకావిడ చనిపోయింది, పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. అధికారులు వెళ్ళి చూస్తే లైసెన్సు లేదు, పిండి పెట్టిన ఫ్రిజ్ తలుపు విరిగి ఉంది. అనుమానం మోమోలతో ఇచ్చిన మయోనైజ్ మీదికి వెళ్ళింది. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను పొయ్యి మీద పెట్టరు కాబట్టి, గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటే అలాగే మిగిలిపోతుంది. అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. కేరళ 2023లోనే ఆ పని చేసింది. నిషేధం మంచిదే. కానీ నన్నడిగితే, మనిషి పోయేదాకా ఎందుకు ఆగాలి?

హోస్ట్: ముందే ఎందుకు తెలియదంటారు?

వదిన: మనం చెప్పం కాబట్టి. మన ఇంట్లో తొమ్మిది మందికి వాంతులైతే ఏం చేశాం? మందుల షాపులో మాత్రలు తెచ్చుకున్నాం, "దిష్టి తగిలింది" అనుకున్నాం, అంతే. ఏ లెక్కలోకీ ఎక్కలేదు. వీధి చివర ఇంకెవరికైనా అదే రోజు అలాగే అయిందేమో ఎవరికి తెలుసు? కలిపి చూసేవాళ్ళుంటే కదా, ఏ వంటగదిలో తేడా ఉందో బయటపడేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 అంచనా ప్రకారం కలుషిత ఆహారంతో ఏటా 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారు, 4,20,000 మంది చనిపోతున్నారు. అందులో 1,25,000 మంది ఐదేళ్ళలోపు పిల్లలు. ఆ రాత్రి మా చిన్నది నాలుక పిడచకట్టుకుపోయి, పిలిస్తే కళ్ళు కూడా తెరవలేదు. ఆ అంకె నాకు అప్పుడు అర్థమైంది.

హోస్ట్: అలా అయితే వెంటనే ఏం చేయాలి?

వదిన: ముందు ఓఆర్‌ఎస్. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు. స్పూన్లు తలకొట్టి సమంగా ఉండాలి. కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి. పిల్లలు మగతగా ఉన్నా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో కూర్చోవద్దు, ఆస్పత్రికే. ఎక్కడ, ఎన్నింటికి, ఏం తిన్నారో డాక్టరుకు చెప్పండి. ఒకటి రెండు గంటల్లో వాంతులు వచ్చాయా, మర్నాడు జ్వరంతో విరేచనాలు పట్టుకున్నాయా అన్నదాన్ని బట్టే డాక్టరు కారణం ఊహిస్తారు.

హోస్ట్: నిన్న రాత్రి మా అమ్మ మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో పరిచి ఫ్యాన్ కింద పెట్టింది. నేనేమీ చెప్పలేదు వదినా, తనంతట తనే.

వదిన: ఎంతసేపుంది?

హోస్ట్: అరగంట. తర్వాత చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేసింది.

వదిన: అత్తయ్య గారు సరిగ్గా చేశారు. ఇవాళ తినేముందు మధ్యలో కూడా పొగలు వచ్చేదాకా వేడి చేయమను. అప్పుడూ మిగిలితే మళ్ళీ లోపల పెట్టొద్దని నా మాటగా చెప్పు.