చూడనివాళ్లు కూడా ఎందుకు కట్టాలి? టీవీ లైసెన్స్ ఫీజుపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం, చర్చా కార్యక్రమానికి స్వాగతం. బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ నడవడానికి ఆధారమైన అనుమతి పత్రం, అంటే రాయల్ చార్టర్ గడువు 2027 డిసెంబరు 31తో అయిపోతుంది. టీవీ చూసే ఇళ్లవాళ్లు ఏటా కట్టే, ఆ సంస్థను నడుపుతున్న టీవీ లైసెన్స్ ఫీజు ఆ తర్వాత ఉండాలా వద్దా అని బ్రిటన్‌లో వాదన నడుస్తోంది. ఫ్రాన్స్ 2022లోనే 138 యూరోల ఫీజును ఎత్తేసింది. జర్మనీ, జపాన్, స్విట్జర్లాండ్ వసూలు చేస్తూనే ఉన్నాయి. ఈ ఫీజు కట్టడం వల్ల కట్టినవాళ్లకు నిజంగా ఒరిగేదేమిటన్నదే ఈరోజు విషయం. మనతో ఒక న్యాయవాది, ఆర్థికశాస్త్రం బోధించే ప్రొఫెసర్, రేడియోలో పనిచేసి రిటైరైన ప్రొడ్యూసర్ ఉన్నారు. లాయర్ గారూ, మీతో మొదలుపెడదాం. 'నేను ఆ ఛానల్ పెట్టనే పెట్టను, నాకెందుకు బిల్లు?' అనేవాళ్లకు ఏం చెబుతారు?

న్యాయవాది: వాళ్ల కోపంలో న్యాయం ఉందనే చెబుతానండి. బ్రిటన్ నిబంధనే తీసుకోండి. ఏ ఛానలైనా సరే, ప్రసారమవుతుండగా చూస్తే లైసెన్స్ ఉండాలి. బీబీసీ జోలికి వెళ్లకపోయినా ఉండాలి. 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లు అయింది. కోటీశ్వరుడికీ అంతే, ఒక్క జీతంతో ఇల్లు నెట్టుకొచ్చేవాళ్లకూ అంతే. కట్టకుండా చూస్తే క్రిమినల్ నేరం, 1,000 పౌండ్ల దాకా జరిమానా. కరెంటు బిల్లు కట్టకపోతే బాకీదారు అంటాం. ఇది కట్టకపోతే నేరస్థులైపోతారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇంకోటి ఉంది. ఈ కేసుల్లో శిక్ష పడినవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది మహిళలే. ఆడవాళ్లు ఎక్కువ ఎగ్గొడతారని కాదు. తనిఖీకి వచ్చినవాళ్లు తలుపు తట్టినప్పుడు ఇంట్లో ఉండి తలుపు తీసేది ఎక్కువగా వాళ్లే.

ప్రొడ్యూసర్: ఈ మాట నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఫీజు ఉండాలని గట్టిగా నమ్మేవాణ్ణే. అయినా ఈ శిక్షను సమర్థించడం నా వల్ల కాదు.

వ్యాఖ్యాత: మరి ఫీజు ఎందుకు సార్? ప్రకటనలు వేసుకుని బతకొచ్చు కదా?

ప్రొడ్యూసర్: ప్రకటనలతో బతికేవాడు జనం గుమిగూడే చోటే దుకాణం పెడతాడండి. అది తప్పు కాదు, అతని వ్యాపారం అంతే. కానీ జనం పలచగా ఉన్నచోట సంగతి ఎవరు చూడాలి? స్విట్జర్లాండ్‌లో రొమాన్ష్ అనే భాష ఉంది. అది ప్రధాన భాషగా ఉన్నవాళ్లు జనాభాలో ఒక శాతం కూడా లేరు. అయినా ఆ భాషలో రేడియో వస్తుంది, టీవీ వార్తలు వస్తాయి. ఏ సబ్బుల కంపెనీ దానికి డబ్బిస్తుంది? జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో వసూలైన సొమ్ములో కొంత మిగతా మూడు భాషలకు వెళ్తుంది, అందుకే అది నడుస్తోంది. 2018 మార్చి 4న ఆ ఫీజు రద్దు చేద్దామా అని జనాన్నే అడిగారు. 71.6 శాతం మంది వద్దన్నారు. ఒక్క కాంటన్ (అక్కడి రాష్ట్రం) కూడా రద్దు వైపు మొగ్గలేదు. తమ జేబులోంచి పోయే డబ్బు గురించి జనం స్వయంగా వేసిన ఓటు అది. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది.

ప్రొఫెసర్: ఒక్క మాట చేర్చాలి. ఆ మరుసటి ఏడాదే ఇంటికి 451 ఫ్రాంకులున్న ఫీజును 365కి దించారు. రద్దు వద్దన్నారు కదా అని ఎంతైనా కడతామన్నట్టు కాదు.

వ్యాఖ్యాత: అయితే ప్రొఫెసర్ గారూ, పేరుకు వేరే ఫీజు ఎందుకు? ప్రభుత్వ బడ్జెట్‌లోంచే ఇచ్చేస్తే వసూలు బాధ, కోర్టుల బాధ తప్పుతాయి కదా. నార్వే 2020లో అదే చేసింది.

ప్రొఫెసర్: వసూలు బాధ తప్పుతుంది మేడమ్, నిజమే. కానీ జుట్టు ప్రభుత్వం చేతికిచ్చినట్టవుతుంది. అమెరికాలో ఏం జరిగిందో చూశాం కదా. అక్కడ లైసెన్స్ ఫీజు లేదు. 1967 చట్టంతో పెట్టిన ఒక కార్పొరేషన్ ద్వారా పార్లమెంటు డబ్బు స్థానిక స్టేషన్లకు వెళ్లేది. 2025 జులైలో అప్పటికే మంజూరైన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకున్నారు. రెండేళ్లకు కేటాయించిన డబ్బది. కొద్ది రోజులకే ఆ కార్పొరేషన్ తన కార్యకలాపాలు ముగిస్తున్నట్టు ప్రకటించింది. పెద్ద నగరాల స్టేషన్లు విరాళాలతో ఎలాగో నెట్టుకొస్తాయి. దెబ్బ తగిలేది విరాళాలు ఇచ్చేవాళ్లు కూడా తక్కువగా ఉండే మారుమూల స్టేషన్లకు. 58 ఏళ్లు నిలిచిన ఏర్పాటును కదిలించడానికి ఒక్క చట్టం చాలింది.

న్యాయవాది: ఫీజు ఉంటే ఆ పని చేయలేరా? మీరిద్దరూ ఫీజును కోటగోడలా చూపిస్తున్నారు. బ్రిటన్‌లో ఆ ఫీజు ఎంతో నిర్ణయించేది ప్రభుత్వమే. 2010 నుంచి 2017 దాకా 145.50 పౌండ్ల దగ్గర కదలనివ్వలేదు. అదే కాలంలో, విదేశీ శ్రోతల కోసం బీబీసీ నడిపే, విదేశాంగ శాఖ భరించే వరల్డ్ సర్వీస్ ఖర్చును 2014 నుంచి ఫీజు మీదకు తోశారు. 75 ఏళ్లు దాటినవాళ్లకు ఉచిత లైసెన్స్ అన్నది 2000లో ప్రభుత్వం చేసిన మంచి పని. ఆ భారాన్నీ తర్వాత బీబీసీ నెత్తిన పెట్టారు. చివరికి 2020 ఆగస్టు నుంచి ఆ సౌకర్యం పెన్షన్ క్రెడిట్ (తక్కువ ఆదాయమున్న వృద్ధులకిచ్చే సాయం) అందుకునేవాళ్లకే మిగిలింది. మాట ఇచ్చింది ప్రభుత్వం, ముసలివాళ్ల ముందు దోషిగా నిలబడింది ప్రసార సంస్థ. దక్షిణ కొరియా చూడండి. 1981లో పెట్టిన 2,500 వాన్ల ఫీజు ఇప్పటికీ అంతే. కరెంటు బిల్లుతో కలిపి వసూలయ్యేదాన్ని 2023లో ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో విడగొట్టింది. 2025లో మళ్లీ కలపడానికి ఏకంగా చట్టం చేయాల్సొచ్చింది. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అన్నట్టు, ఫీజైనా బడ్జెటైనా కుళాయి తిప్పే చెయ్యి ఒకటే.

ప్రొఫెసర్: అన్ని దేశాల్లో ఒకటే కాదు లాయర్ గారూ. నేను చెప్పాలనుకున్నది సరిగ్గా అక్కడే ఉంది. జర్మనీలో ఆ చెయ్యి వేరు. నాజీల కాలంలో రేడియో ఏం చేసిందో చూసినవాళ్లు కాబట్టి, ప్రసారం కేంద్ర ప్రభుత్వం చేతికి చిక్కకూడదని పట్టుబట్టారు. అప్పటి చాన్సలర్ అడెనవర్ ప్రభుత్వం సొంత టీవీ పెట్టబోతే 1961లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఇప్పుడు ఫీజు ఎంత ఉండాలో మొదట లెక్కగట్టేది 16 మంది నిపుణుల సంఘం, రాష్ట్రానికి ఒకరు. సంస్థలు అడిగినంతా ఇవ్వరు, పద్దులు చూసి కోస్తారు. 2020లో ఆ సంఘం నెలకు 86 సెంట్లు పెంచి 18.36 యూరోలు చేయమంది. 15 రాష్ట్రాలు సరేనన్నాయి. సాక్సనీ-అన్‌హాల్ట్ ఒక్కటే అడ్డం తిరిగింది, పెంపు ఆగిపోయింది. 2021 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం జోక్యం చేసుకుని పెంపును అమల్లోకి తెచ్చింది. ప్రసార సంస్థకు తగినన్ని నిధులు ఇవ్వడం రాజ్యాంగ బాధ్యత అని, సరైన కారణం చూపకుండా ఒక రాష్ట్రం తప్పుకోవడానికి వీల్లేదని చెప్పింది. 86 సెంట్ల కోసం ఇంత గొడవా అనిపించొచ్చు. గొడవ సెంట్ల గురించి కాదు. నచ్చని వార్త వేశారని పాలకులు డబ్బు బిగబట్టొచ్చా లేదా అన్నదే అక్కడ తేలింది.

వ్యాఖ్యాత: సరే, పాలకుల నుంచి రక్షణ దొరికింది. మరి కట్టే జనానికి ఆ సంస్థ ఎప్పుడు జవాబు చెబుతుంది?

ప్రొడ్యూసర్: జపాన్ సంగతి చెబుతాను. అక్కడి ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేకి ఫీజు కట్టకపోవడం క్రిమినల్ నేరం కాదు. సంస్థ సివిల్ కోర్టుకు వెళ్లాలి. టీవీ ఉంటే ఒప్పందం చేసుకోవాలన్న నిబంధన రాజ్యాంగబద్ధమేనని అక్కడి సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. కానీ అంతకుముందే, 2004లో, ఒక ప్రొడ్యూసర్ సంస్థ డబ్బు కాజేసిన సంగతి బయటపడితే లక్షలాది ఇళ్లవాళ్లు కట్టడం మానేశారు. సంస్థ అధ్యక్షుడు పదవి వదిలి వెళ్లాల్సొచ్చింది. అంత శక్తి ప్రేక్షకుడి చేతిలో ఉండాలి. 2011 మార్చి 11న సునామీ ఒడ్డుకు వస్తున్నప్పుడు హెలికాప్టర్ నుంచి నేరుగా చూపించింది కూడా ఆ సంస్థే. ఆ హెలికాప్టరు, ఆ సిబ్బంది ఏ పనీ లేని రోజుల్లో కూడా సిద్ధంగా ఉండాలి. ఆ ఎదురుచూపుకి ప్రకటనదారు డబ్బివ్వడు. అందరూ తలా కాస్త వేసుకోవాల్సిందే.

న్యాయవాది: ఆ మాటకు నేను తలవంచుతాను. కానీ అందరూ తలా కాస్త అన్నప్పుడు, ఆ 'కాస్త' అందరికీ ఒకటే ఎందుకుండాలి?

వ్యాఖ్యాత: ఒక ప్రేక్షకురాలు ఫోన్లో అడుగుతున్నారు. ఇంట్లో టీవీ లేదు, ఉన్నది ఫోనొక్కటే, ఆమె కూడా కట్టాలా అని.

ప్రొఫెసర్: ఏ దేశంలో ఉన్నారన్నదాన్ని బట్టి. జర్మనీ 2013 నుంచి పరికరాల లెక్కే తీసేసింది. ఇంటికో ఫీజు, టీవీ ఉన్నా లేకున్నా. సామాజిక సహాయం మీద బతికేవాళ్లకు మినహాయింపు ఉంది. తనిఖీకి ఇళ్లలోకి రావాల్సిన పనే లేదు. ఇటలీ 2016 నుంచి కరెంటు బిల్లులో కలిపింది. ఎగవేత బాగా తగ్గింది, 113.50 యూరోలున్న ఫీజు మరుసటి ఏడాదికి 90కి దిగింది. అందరూ కడితే ఒక్కొక్కరి భారం తగ్గుతుంది.

న్యాయవాది: ఇటలీలో ఆ సంస్థ పెద్దల నియామకంలో ప్రభుత్వ ప్రమేయం ఎంతో కూడా చెప్పండి మరి. వసూలు చక్కగా ఉంటే సరిపోదు. నన్నడిగితే ఫిన్లాండ్ దారి మేలు. 2013 నుంచి ఆదాయాన్ని బట్టి, ఒక పరిమితి దాకా, ప్రత్యేక పన్నుగా తీసుకుని విడిగా నిధిలో వేస్తున్నారు. ఆదాయం బాగా తక్కువైతే ఏమీ కట్టక్కర్లేదు. అలా అయితే నేనూ సంతోషంగా కడతాను.

ప్రొడ్యూసర్: ఆ నిధికి ఎంతివ్వాలో ఎవరు తేలుస్తారు?

న్యాయవాది: అక్కడ పార్లమెంటు. జర్మనీలోలాంటి సంఘం అయితే ఇంకా మంచిది, ఒప్పుకుంటాను.

ప్రొఫెసర్: ఆ రెండూ కలిపితే నాకు అభ్యంతరం లేదు. సంఘం సమావేశాలు మాత్రం జనం ముందు జరగాలి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ముగ్గురికీ ధన్యవాదాలు. నమస్కారం.