మణికట్టు కట్టు విప్పాక గ్రిప్పరా, బంతా, పుట్టీనా?

నమస్తే అండి. మణికట్టు విరిగి ఐదారు వారాలకు సిమెంట్ కట్టు విప్పగానే చాలామంది కోఠి సర్జికల్ షాపులకెళ్లి, "చేతికి ఎక్సర్‌సైజ్ చేసేది ఏదైనా ఇవ్వండి" అంటారు. ఇదిగో, ఈ మూడే ఇస్తారు.

స్ప్రింగ్ గ్రిప్పర్ ఇప్పుడే కొనకండి. మర తిప్పి 5 కిలోలకు పెట్టినా కొత్తగా విప్పిన చేతికి అది ఎక్కువే. ఎక్స్‌రే చూసి ఎముక అతుక్కుందని డాక్టర్ చెప్పేదాకా గట్టిగా నొక్కే పనే వద్దు.

మెత్తటి బంతి ఫర్వాలేదు. కానీ దాని లావు అడ్డొచ్చి పిడికిలి పూర్తిగా మూసుకోదు. వేళ్ల కొసలు అరచేతి గీతకు తగలాలంటే ఖాళీ చేతితోనే ముడవాలి.

థెరపీ పుట్టీకి, అంటే చేతి వ్యాయామానికి వాడే పిండిముద్దలాంటి మెత్తటి ముద్దకి, నా ఓటు. పిసకొచ్చు, తాడులా చేసి రెండు వేళ్లతో గిల్లొచ్చు. మురుకులా చుట్టి వేళ్లకు తొడిగి విప్పారిస్తే, బంతి చేయలేని పని కూడా అయిపోతుంది. డాక్టర్ సరేనన్నాక అన్నిటికన్నా మెత్తటి రకంతో, పూటకు ఐదు నిమిషాలు. రంగు చూసి కొనొద్దు, కంపెనీని బట్టి మారుతుంది. ఎండాకాలం ఇంకా మెత్తబడి బట్టలకు అంటుకుంటుంది, మూత పెట్టి ఉంచండి.

అసలు చిక్కు ఏంటంటే, అరచేయి పైకి తిప్పడం ఈ మూడింటితోనూ రాదు. ప్రసాదానికి చేయి చాపితే అరచేయి పక్కకే ఉండిపోతుంది చూడండి, అదీ. దానికి వంటింటి గరిటె చాలు. ముందు పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో చేయి పెట్టండి. మోచేయి మడిచి పక్కటెముకలకు ఆనించి, ఆ రెంటి మధ్య మడత పెట్టిన న్యాప్‌కిన్ పెట్టండి. మొదటి వారం వట్టి చేతితోనే. తర్వాత గరిటె గిన్నె పైకి ఉండేలా, గిన్నెకు దగ్గరగా పట్టుకుని మెల్లగా బయటికి వాల్చి ఐదు సెకన్లు ఆపండి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. పట్టు కాడ చివరికి జరిగేకొద్దీ బరువు పెరుగుతుంది. న్యాప్‌కిన్ జారిపడిందంటే తిరిగింది భుజం, చేయి కాదు.

లాగినట్టు ఉంటే మామూలే. గంట దాటినా సలుపుతున్నా, తెల్లారి వాచినా లెక్క సగానికి తగ్గించండి. నూనె రాసి ఇంకొకరు బలవంతంగా వంచడం మాత్రం వద్దే వద్దు.

అరచేయి బల్ల మీద ఆనించి బొటనవేలు పైకెత్తండి. లేవకపోతే నరం పట్టేసిందని కూర్చోకండి, స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటిది) తెగి ఉండొచ్చు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కినా, చేయి మంటగా నిగనిగలాడినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్లేటు వేసినవాళ్లకు ఈ లెక్కలు వేరు, సర్జన్ చెప్పిందే వినండి.

ఇక బండి. డాక్టర్ ఒప్పుకున్నాక ఇంజిన్ ఆపి, ఆ చేతి వైపు బ్రేకు లేదా క్లచ్ లివర్ పూర్తిగా వరుసగా ఇరవైసార్లు నొక్కి చూడండి. పదికే వేళ్లు వదిలేస్తుంటే మెహదీపట్నం ట్రాఫిక్‌లోకి ఇంకా వెళ్లకండి, ఆటో ఎక్కండి.